వాధ్యారు గడ్డిమడి

ఈరోజు ఉదయం ఆరుంబావుకు ఉప్పళంలోని మా ఇంటి ముందు కాలువ గట్టు మీద ఎవరో చెక్కుపారతో గడ్డి చెక్కారు. పచ్చివాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. గోవిందరాజులు వాధ్యారు ఈ మధ్యనే పోయారు.

ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కిన ఆ ఏళ్లలో ఆయన మా బళ్లో వృక్షశాస్త్రం చెప్పేవారు. మాలాగే తరాలుగా ఈ తమిళ ఊళ్లో ఉన్న తెలుగువారు. మాలో చాలామందికి తెలుగు ఇంట్లో మాట్లాడే మాటే తప్ప చదవడం రాదు. బడి వెనక ఆయనకొక మడి ఉండేది. వరి, కొర్ర, ఊద, చెరకు, గరిక, ఒక వెదురు పొద. అన్నీ గడ్డి కుటుంబమే. అక్కడ ఏది పీకాలన్నా ముందు దాని పేరు తెలుగు, తమిళం, ఫ్రెంచి, జపాను భాషల్లో చెప్పాలి. వెదురు తకె, కొర్ర అవ, ఊద హియె, ఊరికే గడ్డి అయితే కుస.

జపాను మాటలు ఆయనకు అప్పట్లో ఫ్రెంచివాళ్ల కిందే ఉన్న సైగాన్‌లో వచ్చాయి. యుద్ధకాలంలో ఆయన పనిచేసే బడిని జపాను సైన్యం తీసుకుంది. కాపలా సిపాయి రైతుబిడ్డ. ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు. పక్క పొలం చూపించి అతను ఒక పేరు చెబితే ఈయన తెలుగులో ఒకటి చెప్పేవారట.

నెల్లూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుగారు ఆ మడి తీయించి వాలీబాల్ కోర్టు వేయించాలనుకున్నారు. తవ్వే మనుషులు వచ్చేశారు. "ఫ్రెంచివాళ్లు ఇప్పుడేగా వెళ్లింది, మాస్టారూ. మీరు జపాను వాళ్లను దింపుతున్నారా?" అని హెడ్మాస్టరుగారు, పిల్లల నోట జపాను పేర్లు విని, నవ్వారు. వాధ్యారు నన్ను వరి దగ్గరకు పిలిచారు.

"ఇది ఏంది పాపా? మనింటి మాటలో చెప్పు."

మడిలో చెప్పే పేర్లు తప్ప బళ్లో నేనెప్పుడూ తెలుగు మాట్లాడి ఎరగను. "వరి," అన్నాను.

"దంచినాక?"

"బియ్యం."

"వండినాక?"

"అన్నం."

"ఇనె, కొమె, గొహాన్," అన్నారు వాధ్యారు, హెడ్మాస్టరు వైపు తిరిగి. "ఫ్రెంచోళ్లకు మూడిటికీ ఒకటే మాట సార్, రీ. తమిళానికి మూడుండాయి, మనకు మూడుండాయి, నాకు ఈ మాటలు నేర్పిన జపాను సిపాయికీ మూడుండాయి. పిల్లలకు ఇది ఇంక యాడ చూపించేది?"

హెడ్మాస్టరుగారు మడి చుట్టూ ఒకసారి తిరిగి, కోర్టును గోడవైపు జరపమన్నారు. వాధ్యారు ఉద్యోగం విరమించేదాకా ఆ మడి ఉంది.

ఆ సాయంత్రం ఇంటిదాకా తెలుగులోనే మాట్లాడుతూ నడిచాను. పెద్దయ్యాక రాయడం కూడా నేర్చుకున్నాను. ఇది ఆ అక్షరాలతోనే రాస్తున్నాను.

ఇప్పుడు మా ఊళ్లో గడ్డి పీకే ముందు ఎవరూ దాని పేరు చెప్పరు.