అడిగి తెచ్చుకున్న మురికి

శుక్రవారం పొద్దున ఏడున్నరకి బు తూన్ గొంతు సందు మొదట్లో వినిపించగానే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి స్నానాల గదుల్లోకి పరుగెత్తేవాళ్లు. ఇంటింటా నీళ్ల తొట్టె గోడల మీద బ్రష్షుల చప్పుడు మొదలయ్యేది. ఆవిడ అసలు పేరు కసియాతున్; పెద్దావిడను బు అని, పెద్దాయనను పాక్ అని, అన్న వరసవాణ్ని చాక్ అని పిలవడం మా వైపు అలవాటు. అరవై రెండేళ్లు. జావా దీవిలోని సురబయలో మా వాడకు దోమపురుగులు వెతికే మనిషి ఆవిడే. ఒంటి మీద వెలిసిపోయిన ఆకుపచ్చ కోటు, చేతిలో టార్చిలైటు. నీళ్ల తొట్టె, ఫ్రిజ్ వెనక పళ్లెం, పూలకుండీ కింద మూకుడు, అన్నింటిలోకీ వంగి చూసేది. పురుగు లేకపోతే తలుపు మీది కార్డులో టిక్కు, ఉంటే ఇంటూ. జీతం లేదు. ఏడాదికోసారి ఒక సర్టిఫికెట్టు, ఒక బిస్కెట్ల డబ్బా. సేవ అనే మాటను సేవ చేయించుకునేవాళ్లే కనిపెట్టి ఉంటారని ఒకసారి ఆవిడతో అన్నాను.

"ముందు నోరు కడుక్కో," అంది.

ఆవిడకు తెలిసిన మందు ఒక్కటే, కడగడం. మాటలు కూడా దాని చుట్టూనే తిరిగేవి.

"ఏం ముస్రిఫా, తొట్టెలో ఏం పెంచుతున్నావ్?"

"అయ్యో, నిన్ననే కడిగాను బు."

"నిన్న కడిగితే ఇవి ఇవాళ పొద్దున నడిచొచ్చాయా?"

జనం నవ్వేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, కడిగేవాళ్లు. ఎదురు చెప్పిన వాళ్లు లేరు. పన్నెండేళ్ల కిందట ఆవిడ మనవరాలు, ఆరేళ్ల నింగ్రుమ్, డెంగీతో పోయింది. తర్వాత ఆరోగ్య కేంద్రం వాళ్లు వచ్చి సందంతా టార్చి వేసి వెతికితే పురుగులు దొరికింది బు తూన్ ఇంటి తొట్టెలోనే. మర్నాడే ఆవిడ ఆ కోటు అడిగి తీసుకుంది. ఈ సంగతి మా సందులో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

భర్త పాక్ సమిరాన్ ముప్పై ఏళ్లు మదుర దీవికి వెళ్లే బల్లకట్టు మీద తాళ్లు విసిరాడు. సముద్రం మీద వంతెన కట్టాక బల్లకట్లు తగ్గిపోయాయి, ఆయన ఇంట్లో కూర్చున్నాడు. చేతులు ఊరుకోక ఒక అక్వేరియం కొన్నాడు, ముందుగదిలో పెట్టాడు, ఏడు బంగారు చేపలు వేశాడు. అందులో ఒకదానికి ఒళ్లంతా నారింజ, నెత్తిన మాత్రం తెల్లటి కండ టోపీలాగా. దాని పేరు హాజీ. "మనం ఎలాగూ మక్కా పోలేం, ఇంట్లో ఒకడన్నా హాజీ ఉండాలిగా," అనేవాడు. ఆ అక్వేరియాన్ని ఆయన పూర్తిగా కడగగా నేను చూడలేదు. ఎప్పుడైనా నాలుగు చెంబులు తీసి, నాలుగు చెంబులు పోసేవాడు. అద్దాల మూలల్లో పాచి, ఫిల్టరు స్పాంజి నిండా గోధుమరంగు జిగట. చేపలు మాత్రం కుండల్లా ఉండేవి.

రంజాన్ పండుగ అయిన మూడో రోజున ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది, "ల్హో". ఆశ్చర్యానికి వాడే మాట అది. ఆకలేసినా ల్హో, దోమ కుట్టినా ల్హో. ఆసుపత్రి, మందులు, పక్కబట్టలు అంటూ రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలలూ అక్వేరియాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చేపలకేం కాలేదు. ఈ ముక్క తర్వాత నాకు గుర్తొచ్చింది, అప్పుడు కాదు.

ఆయన్ని అక్వేరియం ఎదురుగా పేము కుర్చీలో కూర్చోబెట్టాక బు తూన్ దాన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. సిగ్గుపడిపోయింది. ఊరందరి తొట్లూ చూసే మనిషి ముందుగదిలో ఇంత పాచా! ఆ శుక్రవారం చేపల్ని బకెట్లో వేసి, నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లను బియ్యం కడిగినట్టు ఏడుసార్లు కడిగింది. స్పాంజిని కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేసింది. అద్దాలు తళతళ మెరిశాయి. మంగళవారానికి నీళ్లు పాలు కలిపినట్టయ్యాయి. బుధవారం చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి తాగాయి. గురువారం ఒకటి పోయింది.

"మురికి ఇంకా ఎక్కడో మిగిలుంది," అంది బు తూన్. శుక్రవారం ఇంకా గట్టిగా కడిగింది. ఆ వారం రెండు పోయాయి.

చేపల బజారులో దుకాణంవాడు ఉప్పు ఇచ్చాడు, నీలం చుక్కలు ఇచ్చాడు, నీళ్లలో నానేయడానికి ఎండు బాదం ఆకులు ఇచ్చాడు. "నీళ్లు పాతబడాలి బు, ఒక రోజు బకెట్లో మూత లేకుండా ఉంచి పోయండి, కుళాయి మందు వాసన పోతుంది," అన్నాడు. మూత లేకుండా నీళ్లు నిలవ! ఆవిడతో! ఉప్పూ ఆకులూ తెచ్చుకుంది, ఆ మాట అక్కడే వదిలేసి వచ్చింది.

చేప పోయిన రోజు పాక్ సమిరాన్ జావ తాగేవాడు కాదు. ఎడంచేత్తో చెంచా తోసేసేవాడు. మర్నాటికి కొంచెం దిగేది. రెండు చేపలే మిగిలాక ఆ కొంచెం కూడా తగ్గింది. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. రక్తపోటు చూడటానికొచ్చిన నర్సు, "ఇలాగే తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, మళ్లీ ఆసుపత్రే," అని చెప్పి వెళ్లింది.

నేను వాళ్ల పక్కింట్లో ఉంటాను. కాలేజీ దగ్గర జిరాక్స్ కొట్లో పని. పిల్లలు చదవకుండా కాపీ చేయించుకుపోయే పేజీలు మిషను దగ్గర నిలబడి నేను చదువుతాను. అలా చదివినవాటితో ఈ లోకంలో ఎవరికీ పని పడలేదు. చేపల పెంపకం మీద ఎవరిదో పరిశోధన మూడు కాపీలు తీస్తుండగా ఆ శుక్రవారాల లెక్క నాకు తట్టింది. ఆ సాయంత్రం వెళ్లేసరికి బు తూన్ పాత పళ్ల బ్రష్షుతో అద్దం మూలలు గీకుతోంది.

"బు, మీరు కడగడం వల్లే చస్తున్నాయి."

బ్రష్షు ఆగింది. "ఏమన్నావ్?"

"చేపల ఉచ్చలో విషం ఉంటుంది. అమ్మోనియా. స్పాంజి జిగటలో కంటికి కనపడని ప్రాణులుంటాయి, అవి ఆ విషాన్ని తినేస్తాయి. కుళాయి నీళ్లలో క్రిముల్ని చంపే మందుంటుంది. దాంతో కడిగితే అవి చచ్చిపోతాయి. మళ్లీ పెరగడానికి నెల పడుతుంది. మీరు వాటికి ఇచ్చేది వారం."

"అంటే పురుగులు."

"పురుగులు కాదు బు, వాటికంటే చిన్నవి."

"చిన్నవైతే టార్చికి కనపడవు. అంతేగా తేడా." మళ్లీ గీకడం మొదలుపెట్టింది. "మా నింగ్రుమ్‌ని తీసుకుపోయింది కడగని నీళ్లు. నువ్వొచ్చి కడగొద్దంటావ్. పో, పోయి నీ కాగితాలు కాపీ తీసుకో."

నాకు కోపం వచ్చింది. బయటికొచ్చి, చావనీ, ఆరో చేప కూడా చావనీ అనుకున్నాను. మంగళవారం అది నిజంగానే చచ్చింది.

ఇక హాజీ ఒక్కటే. పాక్ సమిరాన్ ఆ రోజు తినలేదు, మర్నాడు పొద్దునా తినలేదు. మధ్యాహ్నం బు తూన్ మా కొట్టుకు నడిచొచ్చింది. అంత దూరం ఎండలో. కోటు లేదు. నన్ను అడక్కుండానే కాగితాల కట్ట మీద కూర్చుంది. ఆవిడ పనివేళ కూర్చోగా చూడటం నాకు అదే మొదలు.

"ఆ రోజు నువ్వు చెప్పిన ముక్క ఎక్కడుందో చదువు," అంది.

నా కోసం తీసి ఉంచుకున్న పేజీ చదివాను. కళ్లు మూసుకుని వింది.

"నెల ఆగాలా? హాజీ నెల ఆగడు. వీడు ఆగకపోతే ఆయనా ఆగడు."

"బాగా నడుస్తున్న వేరే అక్వేరియంలోంచి మురికి స్పాంజి తెచ్చి పెడితే అన్నాళ్లు అక్కర్లేదు బు. ఆ ప్రాణులు దాంతోపాటే వస్తాయి."

ఇద్దరం ఆలోచించాం. మా సందులో అక్వేరియాలున్న ఇళ్లు ఇంకా ఐదు. నాలుగిళ్లవాళ్లు ఆవిడ పోరు పడలేక బ్రహ్మాండంగా కడిగారు. రెండు ఖాళీగా ఉన్నాయి, రెండింట్లో ఇప్పుడు ప్లాస్టిక్ చేపలున్నాయి. మిగిలింది ఒక్క ఇల్లు. ఆ పేరు నేను అనలేదు.

"గుఫ్రాన్," అంది ఆవిడే, చేదుమందు మింగినట్టు.

చాక్ గుఫ్రాన్ పందేల పావురాలు పెంచుతాడు. వేరే పని ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఆయన కార్డు మీద వరసగా పదకొండు ఇంటూలు. అక్వేరియం అద్దంలోంచి లోపల ఏముందో కనపడదు, ఆకుపచ్చ చీకటిలో ఏవో కదులుతుంటాయి. ఆరేళ్లుగా కదులుతున్నాయి. "ఇది ఇల్లు కాదు, దోమల పురిటిగది," అని బు తూన్ అతన్ని సందంతా వినేలా తిట్టింది.

మేం వెళ్లేసరికి అరుగు మీద పావురం రెక్క సవరిస్తున్నాడు.

"ఇవాళ బుధవారం బు. దారి తప్పారా? టార్చి ఏది?"

"నీ ఫిల్టరు స్పాంజి కావాలి."

"ఏంటీ?"

"నీ అక్వేరియంలో మురికి. కొంచెం కావాలి."

గుఫ్రాన్ పావురాన్ని గూట్లో పెట్టాడు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని సందులోకి తిరిగాడు. "ఓ ముస్రిఫా! ఓ చాక్ తోలిబ్! ఇటు రండి, వినండి! బు తూన్ నా గుమ్మంలో మురికి అడుక్కుంటోంది!"

తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో నవ్వారు. బు తూన్ నేల చూస్తూ నిలబడింది. భర్త కోసం ఎన్ని పనులో చేసి ఉంటుంది గానీ, ఇదొక్కటే అందరి ముందూ చెయ్యాల్సొచ్చింది.

"ఇస్తాను, ఎందుకివ్వను," అన్నాడు గుఫ్రాన్. "కార్డు మీద ఒక్క టిక్కు పెట్టండి. పదకొండు ఇంటూల తర్వాత చూసుకోడానికి నాకూ ముచ్చటగా ఉంటుంది."

ఆవిడ లోపలికెళ్లి స్నానాల తొట్టెలోకి వంగింది. టార్చి అక్కర్లేదు, నీళ్లు పురుగులతో మరుగుతున్నట్టున్నాయి. బయటికొచ్చింది.

"పెట్టను."

"అయితే స్పాంజి లేదు."

వెళ్లిపోతుందనుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం ద్వారబంధం పట్టుకుని నిలబడింది. తర్వాత లుంగీ మోకాళ్ల దాకా ఎగదోపుకుంది.

"బ్రష్షుందా ఇంట్లో? కొని ఉండవులే. పీచైనా ఇవ్వు."

గుఫ్రాన్ నవ్వు సగంలో ఆగింది. "అదేంటి బు, నేనేదో సరదాకి... స్పాంజి తీసుకెళ్లండి, పర్లేదు."

"జరుగు."

నీళ్లు తోడి పారబోయడానికి నేనూ చెయ్యేశాను. తొట్టెలోకి దిగి కడిగింది ఆవిడే. ముప్పావుగంట పట్టింది. మోకాళ్లు పట్టేస్తే గోడకానుకుని ఊపిరి తీసుకుని మళ్లీ వంగేది. జనం ఒక్కొక్కరే ఇళ్లలోకి వెళ్లిపోయారు. చూడలేకే అయ్యుంటుంది. చివరికి అడుగున నీలం పెంకు కనపడింది. గుఫ్రాన్ కూడా తన తొట్టె రంగు అప్పుడే చూసినట్టున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, పెన్ను అడిగి, కార్డులో టిక్కు పెట్టింది. గుఫ్రాన్ స్పాంజిని అదే అక్వేరియం నీళ్లతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి, రెండు చేతులతో ఇచ్చాడు.

ఇంటికొచ్చి, నేను చెప్పినట్టే, కడగకుండా దాన్ని ఫిల్టర్లో పెట్టింది. పెట్టేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది. ఒక బకెట్లో నీళ్లు పట్టి, మూత లేకుండా, పైన పల్చటి గుడ్డ కట్టి ఉంచింది. మర్నాడు అందులోంచి నాలుగు చెంబులే మార్చింది.

మొదటి శుక్రవారం సందు తిరిగొచ్చాక చేతులు ఊరుకోలేదు. ఫ్యాను రెక్కలు కడిగింది, కిటికీలు కడిగింది, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. అక్వేరియం పక్కనుంచి పోయినప్పుడల్లా అటు చూడకుండా పోయింది. నీళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. హాజీ పైనే ఉన్నాడు, మూతి బయటపెట్టి. పాక్ సమిరాన్ రోజుకు నాలుగైదు చెంచాల జావ తాగుతూ, కదలకుండా అటే చూస్తూ కూర్చున్నాడు.

"ఎంతకాలం ఇలా?" అంది నాతో ఆదివారం.

"నాకు తెలీదు బు." నిజంగానే తెలీదు. కాగితంలో లెక్కలున్నాయి, పాక్ సమిరాన్ లేడు.

సోమవారం నీళ్లు కాస్త తేరి వెనక అద్దం మసగ్గా కనపడసాగింది. గురువారం హాజీ కిందికి దిగాడు. రెండో శుక్రవారం పొద్దున నేను తొంగిచూసేసరికి గులకరాళ్లు నోట్లో వేసుకుని, చప్పరించి, ఉమ్మేస్తున్నాడు. పాక్ సమిరాన్ "ల్హో" అన్నాడు. బు తూన్ ఆ తెరుచుకున్న నోట్లో చెంచా పెట్టింది. చూపు తిప్పకుండానే మింగాడు. ఇంకో చెంచా. గిన్నె అడుగు గీకేదాకా పెట్టింది. మొహంలో సంతోషం మాత్రం కనపడలేదు.

"ముందే ఎవరైనా చెప్పొచ్చుగా," అంది ఖాళీ గిన్నెతో. "ఆరు చేపలు."

చెప్పాను కదా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆవిడ గిన్నె అక్కడే నేల మీద పెట్టి, కుర్చీ కాళ్ల పక్కన చాప మీద ఒరిగింది. ఏడున్నర దాటింది, ఎనిమిదైంది. కోటు మేకుకే ఉంది. సందులో జనం శుభ్రమైన తొట్ల పక్కన నిలబడి ఎదురుచూశారు. తొమ్మిదింటికి గుఫ్రాన్ గుమ్మంలోకి వచ్చాడు.

"బు, ఇవాళ రాలేదే? నేను పొద్దున్నే కడిగి కూర్చున్నా."

"ఇవాళ రాను."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. అలిసిపోయాను." ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. గుఫ్రాన్ కూడా విన్నట్టు లేడు.

"మరి కార్డు?"

బు తూన్ గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఒక్క వారం ఖాళీగా ఉండనీ," అంది. "ఏం కాదు."