గోడ వైపు తిరిగి ఉన్న పాప చెయ్యి

దయ్యాలనీ గాలి సోకిందనీ మా ఇంట్లో ఎవరు మాట్లాడినా ముందు నవ్వేది నేనే. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. ఇప్పుడు రాసేదీ దయ్యం గురించి కాదు. మరి దేని గురించి అంటే నాకు పేరు దొరకడం లేదు. పాప నిద్రపోయింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ఆత్మకూరులో మాది అద్దె ఇల్లు. అప్పుడు పాపకు ఎనిమిదో నెల. గిలక్కాయ ఆడిస్తే చూసేది, చప్పుడైతే తల తిప్పేది. అరచేతిలో పెడితే గట్టిగా పట్టుకునేది. కానీ కంటి ముందున్న దానికోసం చెయ్యి చాపేది కాదు. ఒక్కసారి కూడా.

కర్నూలులో పిల్లల డాక్టరుకు చూపించాం. కన్ను బాగుంది, చెయ్యీ బాగుంది అన్నాడు. చూసింది, విన్నది, తాకింది మెదడులో ఒకచోట కలిసి చేతిని కదిలించాలి, ఆ దారులు ఇంకా కుదురుకున్నట్టు లేదు అన్నాడు. కోతుల్లోనూ మనుషుల్లోనూ ఆ దారులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయట. నెల రోజులు చూసి, మార్పు లేకపోతే స్కానింగ్ తీద్దామన్నాడు. ఆ నెల నాకు అన్నం సయించలేదు.

పక్కింటి షమీమక్క మాత్రం ఎగతాళి చేసేది. "సదువుకున్నోళ్లకు భయం శానా. నేను 'ఇంద' అంటే కోతే చెయ్యి సాపుతాది, నీ కూతురు సాపదా?"

నల్లమల నుంచి వచ్చే కోతులకు ఆమె రోజూ మధ్యాహ్నం మిద్దె పిట్టగోడ మీద శనక్కాయలు పెట్టి "ఇంద, ఇంద" అని పిలిచేది. నేను గిలక్కాయ చూపిస్తూ పాపతో అనేదీ ఆ మాటే. మా వైపు ఎవరికి ఏమిచ్చినా "ఇంద" అనే ఇస్తాం.

ఒక మధ్యాహ్నం పాలు పట్టి, తేన్పు కోసం పాపను భుజాన వేసుకుని కిటికీ ముందు నిలబడ్డాను. నా ముఖం కిటికీ వైపు, పాప ముఖం వెనక గోడ వైపు. ఎదురుగా కనిపించే షమీమక్క పిట్టగోడ మీదికి ఒక కోతి వచ్చింది. కాయ కోసం కుడి చెయ్యి చాపింది. నా వీపు మీదున్న పాప కుడి చెయ్యి లేచింది. తల తిప్పి చూస్తే గాలిలో వేళ్ళు మూసుకుంటున్నాయి. కోతి కాయను నోటికి తీసుకుపోయింది. పాప పిడికిలి నా చెవికి రాసుకుంటూ తన నోటికి పోయింది.

తర్వాత కోతి ఎడమ చెయ్యి చాపింది. పాపదీ ఎడమ చెయ్యే లేచింది.

వెనక్కి తిరిగి ఆ గోడంతా చూశాను. అద్దం లేదు, నీడ పడే వెలుతురూ లేదు. ఒక క్యాలెండరు ఉంది, అంతే.

షమీమక్క "ఇంద" అనడం పాపకు వినబడి ఉంటుంది, నేను పరధ్యానంలో ఉన్నాను అనుకుని స్థిమితపడ్డాను. సాయంత్రం ఆమెనే అడిగాను. బుగ్గ ఇంత వాచి ఉంది.

"యాడ పిలిస్తిని మే? పొద్దున పన్ను పీకించుకుంటి, నోటినిండా దూది. కాయలు పెట్టి వచ్చి పండుకుంటి. నేను మూగదాన్నైతినని జాలిపడి ఆ కోతే తినిపోయింటాది."

వారం తిరక్కుండా పాప నా చేతిలోని గరిటె లాక్కుంది. పొయ్యి ఆపి, నేల మీద కూర్చుని ఏడ్చాను. కొందరికి ఆలస్యమవుతుంది, స్కానింగ్ అక్కర్లేదు అన్నాడు డాక్టరు. ఆ మాట నేనూ నమ్ముతున్నాను. కోతి సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే పాపను వదిలి నన్ను పరీక్షించేవాడు.

కానీ ఏ దారైనా కంటి దగ్గరో చెవి దగ్గరో చర్మం దగ్గరో మొదలవ్వాలి కదా. ఆ మధ్యాహ్నం అది ఎక్కడ మొదలైందో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

పాప ఇప్పుడు నడుస్తోంది. అప్పుడప్పుడూ బువ్వ తింటూ ఆగి, ఏమీ లేనిచోటికి చెయ్యి చాపి వేళ్ళు మూస్తుంది. మొదటిసారి అలా చేసినప్పుడు లేచి కిటికీలోంచి చూశాను. కోతి ఉంది, కాయ అందుకుంటోంది. నిన్న కూడా చూశాను. పిట్టగోడ ఖాళీగా ఉంది. పాప చెయ్యి మాత్రం, ఎవరి చేతితోనో కలిసి పోతున్నట్టు, మెల్లగా నోటిదాకా పోయింది.