ఊపిరి దాచుకోబోయిన సుడిగాలి

లిఫ్టు లేని ఐదంతస్తుల మేడలకు ముప్పై ఏళ్లుగా ఉత్తరాలు చేరవేస్తున్న పోస్ట్‌మన్‌ను వీధంతా ‘సుడిగాలి’ అనే పిలిచేది. ఆయనకు యాభై ఆరు నిండగానే కార్యాలయం ఒక పరీక్ష పెట్టింది. నర్సు ఊపిరి లెక్కబెడుతుంది. నెగ్గితే మెట్లు, ఓడితే స్టాంపులమ్మే కౌంటరు. కౌంటరు కుర్చీ అంటే సుడిగాలిని సీసాలో బిగించడమే.

ఎంత తక్కువ ఊపిరి పీలిస్తే అంత గట్టివాడని ఆయన తనకు తానే సిద్ధాంతం చేసుకున్నాడు. వారం రోజులుగా గోడగడియారానికి కళ్లప్పగించి, బుగ్గలు ఉబ్బించి సాధన సాగించాడు.

“ఏవండీ, గాలి దగ్గర కూడా పిసినారితనమేనా?” అంది భార్య, కూరలు తరుగుతూ.

“నీకేం తెలుసే? నిమిషానికి ఆరుకు దించాను!”

“దించింది చాల్లెండి. మొహం వంకాయ రంగుకొచ్చింది.”

పరీక్ష చేసే నర్సు ఆయన తెచ్చిన ఉత్తరాలు అందుకుంటూ పెరిగిన పిల్లే. ఆమె గడియారం తీయగానే సుడిగాలి కొయ్యబొమ్మలా బిగుసుకున్నాడు. అర నిమిషం గడిచేసరికి చెవులు ఎర్రబడ్డాయి. రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు మెదడు తలుపును దబదబ బాదింది. ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఆయన గాలి మింగాడు.

“నటన బాగుంది బాబాయ్. ఊపిరేదీ?”

“నాదెప్పుడూ ఇంతే తల్లీ. పొదుపు.”

“అలాగా! సరే, దాని సంగతి వదిలేద్దాం. నాడి చూస్తాను, చెయ్యివ్వండి.”

సుడిగాలి గుండెల మీది బరువు దిగింది. మణికట్టును ఆమె వేళ్లకు అప్పగించి వీధిని చూడసాగాడు. ఆయన మరచిన మరుక్షణమే ఊపిరి తన పనిలో తాను పడింది. పక్కటెముకల అడుగున గొడుగులా ఉండే ఉదరవితానం అనే కండరం బిగిసి కిందికి దిగితే గాలి లోపలికి వచ్చేది. వదులై పైకి లేస్తే ఏ శ్రమా లేకుండా బయటికి పోయేది. నర్సు చూపు నాడి మీద లేదు, ఆయన చొక్కా గుండీల మీద ఉంది. నిమిషానికి పద్నాలుగు ఊపిరులు.

తరువాత ఐదంతస్తులూ ఎక్కి దిగమంది. దిగివచ్చేసరికి ఆయన రొమ్ము కొలిమితిత్తిలా ఆడుతోంది. కాళ్లు అడిగినంత ప్రాణవాయువు ముక్కు ఒక్కటే తేలేక నోరూ సాయానికి వచ్చింది. పొట్ట కండరాలు సైతం గాలిని బయటికి గెంటుతున్నాయి. ఆయన మళ్లీ మూతి బిగించబోయాడు.

“వద్దు బాబాయ్, ఇప్పుడూ చూసేది నాడే!”

మూతి వదులైంది. ముప్పై రెండు. మూడు నిమిషాలు గడిచేసరికి పదహారుకు దిగింది.

“మెట్లెక్కితే ఆయాసం రావాల్సిందే. ఎంత తొందరగా సర్దుకుంటుందో, అదే పరీక్ష. మీ ఊపిరి భేషుగ్గా ఉంది.”

“ఊపిరా? నాడి అన్నావుగా!”

“అలా అనకపోతే మీరు పీలుస్తారా?”

“ఇంత మోసమా!” అని చివాలున లేచిన సుడిగాలి, ఆమె చాచిన కాగితం మీద ‘మెట్ల పనికి అర్హుడు’ అన్న అక్షరాలు చూసి మెత్తబడ్డాడు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి, మెల్లగా అడిగాడు.

“చేస్తే చేశావుగానీ, ముద్ర సరిగ్గా పడిందా తల్లీ?”