వెనక సిలిండరు

దయానందం షెడ్డుకు నెట్టుకొచ్చిన మోటారుసైకిలు పరుగెత్తుకుంటూ తిరిగి వెళ్తుందని బందరులో పేరు. యుద్ధకాలంలో సైన్యం వర్క్‌షాపులో పని నేర్చినవాడు. సైన్యం వదిలేసిన అమెరికా బళ్లంటే అతనికి ప్రాణం. వాటికి రెండు సిలిండర్లు, తెరిచిన కత్తెరలా ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ వాలి ఉండేవి. ముందుదానికి గాలి నేరుగా తగిలేది. దాని చాటునున్న వెనకది ఎప్పుడూ కాలిపోతుండేది. పైగా వాల్వులు పక్కనే ఉండటంతో, మండిన పొగ సిలిండరును ఒరుసుకునే బయటికి పోయేది. ఈ సంగతి దయానందానికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

1956లో పాలకాయతిప్ప నుంచి పెద్దిరాజు వచ్చాడు. సముద్రంలో వేటకెళ్లే మనిషి. అలాంటి ఇంజనొకటి తన పడవకు బిగించమన్నాడు.

"బండి పరిగెడితే గదా బావా దీనికి గాలి తగిలేది? పడవ అంత జోరుగా పోదు గదా?"

నలుగురి ముందు పెద్దిరాజు అలా అడిగేసరికి దయానందానికి అహం అడ్డొచ్చింది. "సముద్రమ్మీద గాలికి కరువేంటయ్యా!" అని నవ్వేసి, ఇంజను బిగించిచ్చాడు.

రెండు నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు ఒడ్డుకు వస్తుండగా గాలి వెనకనుంచి వీచింది. గాలీ పడవా కలిసి సాగుతుంటే ఇంజనుకు తగిలేదేముంది? కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర వెనక సిలిండరులో వేడికి పిస్టన్ పట్టేసి ఇంజను ఆగిపోయింది. పడవ అలలకు అడ్డం తిరిగి బోల్తా పడింది. అంచు కింద పెద్దిరాజు కుడిచెయ్యి నలిగిపోయింది. మళ్లీ వల లాగలేదు.

"ఆపకుండా తోలేసుంటాడు" అన్నారు షెడ్డులో. దయానందం కాదనలేదు.

ఆరేళ్లకు చర్చి మిషన్ దొర ఒకాయన కొత్త బండి రిపేరుకొచ్చింది. అవే రెండు సిలిండర్లు. కానీ వాల్వులు సిలిండర్ల తలమీదికెక్కాయి. ఇనుము బదులు, వేడిని త్వరగా వదిలేసే అల్యూమినియం హెడ్లు వచ్చాయి. తయారుచేసినవాళ్లూ ఆ వేడితోనే కుస్తీ పట్టారన్నమాట. లోపం ఒప్పుకుని ఇంజనునే మార్చుకున్నారు. మర్నాడు దయానందం పాలకాయతిప్ప వెళ్లడానికి అవనిగడ్డ బస్సెక్కాడు.

పెద్దిరాజు ఇంటిముందు ఎడంచేత్తో ఎండుచేపలు తిరగేస్తున్నాడు.

"తప్పు నాదే పెద్దిరాజూ. అది పడవకి పనికిరాదని నాకు తెలుసు."

పెద్దిరాజు చేతిలోని చేపను ఎండకు తిప్పి పరిచాడు.

"నాకే తోలడం చేతకాలేదనుకున్నాను బావా," అన్నాడు. "మావోళ్లూ అదే అన్నారు. ఒంటిచేత్తోనైనా చుక్కాని పట్టుకోగలను. సిగ్గేసి ఆ పనైనా ఇమ్మని ఎవర్నీ అడగలేదు. ఆ ఒక్కమాట అప్పుడే వచ్చి చెప్పాల్సింది."

అతని భార్య వీరమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది. దయానందం చెంబు పక్కన పెట్టి, చేపలు తిరగేయడానికి వంగాడు.

"వద్దులే," అన్నాడు పెద్దిరాజు. "నాకు అలవాటైపోయింది."