ఇంకో చేతిలో ఏం పట్టుకోవాలి

మా అత్తగారు కంటి శుక్లం ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు పీలమేడులో మా ఇంట్లోనే ఉన్నారు. సూలూరులో మామగారితో సమానంగా పవర్‌లూమ్‌లు నడిపిన మనిషి. పొయ్యి దగ్గరికి పోకూడదు, వంగకూడదు అని డాక్టరు చెప్పేసరికి ఆమెకు పొద్దుపోవడం కష్టమైంది. సాయంత్రం ఆఫీసు పని ముగించి నేను టీవీలో వీడియో గేమ్ మొదలుపెడితే, నల్లద్దాలు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చునేవారు.

రాక్షసులు, మంత్రాలు, కోటలు ఉన్న ఆట అది. అందులో నా తరఫున తిరిగేది ఒక యోధురాలు. అప్పటికి చాలా రోజులుగా నేను ఒక గుహ ముందే ఆగిపోయి ఉన్నాను. లోపల ఒక భూతం కాపలా కాస్తోంది. ఒంటిచేత్తో పట్టే ఆయుధాల్లో ఏది మంచిదో తేలడం లేదు. గొడ్డలి దెబ్బ లోతుగా దిగుతుంది. గద కవచాన్ని పగలగొడుతుంది గానీ నెమ్మది. పొట్టి కత్తి చురుకే, దెబ్బలో మాత్రం బలం లేదు. వీడియోలు చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో మాట.

అత్తగారు కాసేపు ఓర్చుకుని అడిగారు.

"ఏం అమ్మణీ, ఎత్తేది, పెట్టేది, మళ్లా ఎత్తేది. చీరల అంగడిలో మాదిరి చూస్తా ఉండావే?"

"ఒంటిచేతి దాంట్లో ఏది మేలో తెలీలేదు అత్తమ్మా."

"ఒంటి చెయ్యి ఎందుకు? ఆ పిల్లకి రెండు చేతులూ బాగనే దా ఉండాయి."

"పెద్ద కత్తికి రెండు చేతులూ కావాలి. చిన్నదైతే ఇంగో చేతిలో డాలు పట్టుకోవచ్చు."

"డాలే దా పట్టుకోవాల్నా? వేరే ఏమీ ఇయ్యరా?"

ఆ ప్రశ్న నాకు అంతవరకు తట్టలేదు. ఆయుధం మీదే ధ్యాసంతా పెట్టి, రెండో చేతికి డాలు తగిలించి వదిలేశాను. సంచీ తెరిచి చూస్తే రెండో కత్తి ఉంది, మంత్రదండం ఉంది, ఆట మొదట్లో ఇచ్చిన దివిటీ కూడా ఉంది. దాన్ని ఒక్కసారైనా వెలిగించలేదు.

ముందు ఆమెకు గద నచ్చింది. "ఆ రోకలి ఎత్తు. దాంతో మోదితే ఎవుడు నిలుస్తాడు?" అన్నారు. ఎత్తాను. మా యోధురాలు దాన్ని భుజం దాకా లేపేలోపే భూతం ఒక్క తన్ను తన్ని గుహ ముందరి లోయలో పడేసింది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "సరి, రోకలి వద్దు" అని ఆమే తీర్పు మార్చారు. గొడ్డలితోనూ అదే గతి.

"లోపల అంత చీకటిగా ఉండాదే, వాడు ఏ పక్క ఉండాడో కనిపించద్దా? పందం పట్టుకుని పోదాం" అన్నారు. దివిటీని ఆమె పందం అంటారు. ఆ చేత దివిటీ, ఈ చేత పొట్టి కత్తి పెట్టాను. ఎలాగూ చస్తాం, చూసైనా చద్దామనిపించింది.

వెలుగు పడగానే గుహ గోడల నిండా బొమ్మలు కనిపించాయి. కుండలెత్తుకున్న ఆడవాళ్లు, ఎద్దులు, ఒక పెళ్లి ఊరేగింపు. అత్తగారు నల్లద్దాలు నుదుటి మీదికి జరుపుకుని ముందుకు వంగబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగారు.

"ఇదంతా ఎవురు గీసినారు?"

"ఏదో ఊరి ఆఫీసులో కూర్చుని గీసుంటారు అత్తమ్మా."

"ఇంత చీకట్లో ఎవురు చూస్తారని?"

ఇద్దరం ఊరేగింపు వెంబడే గోడ పట్టుకుని నడిచాం. భూతం ఎదురైంది గానీ దివిటీ మంటకు జంకి వెనక్కి తగ్గింది. అది మళ్లీ మీదికి వచ్చేలోపు పొట్టి కత్తితో తప్పించుకుంటూ, వెలుగులో కనిపించిన పక్కదారిలో బయటపడ్డాం. చంపలేదు, అయినా దాటేశాం. ఆ సంతోషంలో అత్తగారు నా తొడ మీద ఫట్మని చరిచారు.

మావారు పనినుంచి వచ్చి చూసి, "ఇంత మొండి కత్తా? ఇది ఏమాత్రం తెగుతాది?" అని వెక్కిరించారు. నేను మార్చలేదు. అత్తగారు సూలూరు వెళ్లిపోయాక కూడా ఆ జోడీతోనే ఆడుతున్నాను. ఆట నెమ్మదిగా సాగుతోంది. ఇదివరకు పరుగెత్తి దాటేసిన గదులన్నింటిలోకీ తిరిగి వెళ్లి చూస్తున్నాను.

మొన్న ఫోన్లో, మంచుకొండ మీద కాపలా ఉన్న ముసలి రాక్షసుణ్ణి ఎట్టకేలకు పడగొట్టానని గొప్పగా చెప్పాను. ఆమె అంతా విని, "పాపం, వాడు ఒంటిగా ఆడ ఎందుకు కూసోనుండాడో అడిగినావా?" అన్నారు.

"ఆటలో అట్ల అడగను కుదరదు అత్తమ్మా."

"కుదరదని నీకు ఎట్ల తెలుసు? అడిగి చూసినావా?"

ఫోన్ పెట్టేశాక, వాణ్ణి పడగొట్టకముందు సేవ్ చేసుకున్న చోటి నుంచి, ఆ కొండ దగ్గరే మళ్లీ ఆట మొదలుపెట్టాను. రాక్షసుడు మంచులో కూర్చునే ఉన్నాడు. ఈసారి కత్తి ఒరలో పెట్టి, దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క బటనే నొక్కి చూశాను.