రైలు టైము చూసి కాలికి వైద్యం

ఇన్నాళ్లుగా అడుగుతున్నా నా పిక్క గురించి ఒక్కరూ సరిగ్గా బదులివ్వలేదు. మా ఊరు మారికుప్పం స్టేషన్‌లో కదులుతున్న రైలెక్కబోయినప్పుడు పిక్క కండరం కొంచెం చిరిగింది. రోజూ బెంగళూరు దాకా నిలబడి వెళ్లాల్సిన ఉద్యోగం నాది. కాలు నిలబడకపోతే ఉద్యోగమూ నిలబడదు.

మా ఊరి ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఇద్దరున్నారు. పొద్దున ఉండే ఆమె చేతులతో నొక్కి కండను సాగదీస్తుంది. మధ్యాహ్నం వచ్చి రాత్రిదాకా ఉండే అతను, కండ బిగువు వదలాలని స్టీలు పలకతో పిక్క మీద గీరుతాడు. పని ఉన్న రోజుల్లో నేను రైలు దిగేసరికి సాయంత్రమే కాబట్టి నాకు స్టీలు. సెలవు రోజైతే చేతులు. నా కాలికి ఏది తగినదో వాళ్లిద్దరూ ఆలోచించలేదు, రైలు టైమే తేల్చేసింది.

చేతులతో చేస్తే ఆ పూట హాయిగా ఉండి, మర్నాటికి మళ్లీ బిగుసుకుంటుంది. గీరితే మడమ తేలిగ్గా వంగుతుంది కానీ చర్మం ఎర్రగా కందిపోతుంది. ఈమధ్య ఆ ఎరుపు నల్లబడింది. లోపల చిరుగు పెద్దదవుతోందేమోనని రైల్లో ఉన్నంతసేపూ వంగి తడుముకుంటూనే ఉంటాను.

అతన్ని అడిగితే, "బండి ఎగిరెక్కినప్పుడు యాడ పోయినాదప్పా ఈ భయం?" అని అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోను. ఆమెను అడిగితే, "గీరింది నేను కాదు కదప్పా, ఇంగ ఆయన్నే అడుగు" అంది.

రేపు సెలవు పెట్టి, ఆమె ఇంకా వెళ్లకముందే అతను వచ్చే మధ్యాహ్నం వేళకు క్లినిక్ బల్ల మీద కూర్చుంటాను. ఈ నలుపు మీద ఇంకా గీరవచ్చా, ఆపాలా? ఇద్దరూ కలిసి చూసి చెప్పండి అంటాను. చెప్పేదాకా బల్ల దిగను.