సెన్సే గారి సన్మానపత్రం

ఒక కరాటే ఛాంపియన్‌ని రెండు వందల మంది ముందు శాలువా కప్పి మరీ అవమానించి, పళ్ళన్నీ పదిలంగా ఇంటికి తెచ్చుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇదిగో, నేనే.

ఆరేళ్ళ కిందటి మాట. ఈ పరాయి దేశంలో మా పక్క ఊరు వెర్రిబీలో మా అమ్మాయి మేఘనకు కరాటే నేర్పే సెన్సే నూర్గుల్ గారు, ఒకప్పుడు టర్కీ జట్టులో ఆడిన మనిషి. ఆ సంగతి తెలిసి మా పాయింట్ కుక్ తెలుగువాళ్ళం మహిళా దినోత్సవానికి ఆవిడకు సన్మానం తలపెట్టాం.

"సన్మానపత్రం నువ్వే రాయాలోయ్. మీ పాప టీచరే కదా," అన్నారు మా పెద్ద దిక్కు ప్రసాద్ అంకుల్.

"జస్ట్ ఆస్క్ హర్, డాడ్," అంది మేఘన.

సన్మానం చేయించుకునే మనిషిని పట్టుకుని 'మీ గొప్పలేమిటండీ' అని అడుగుతామా, మీరే చెప్పండి. ఇంటర్నెట్‌లో వెతికాను. పేరు, ఇంటిపేరు, దేశం, కరాటే, అన్నీ కలిశాయి. ఫొటోలో మొహానికి అడ్డంగా కాలుంది గానీ, అంత బాగా కాలెత్తేది ఆవిడ కాక ఇంకెవరనుకున్నాను. మొత్తం ఏడు పతకాలు. ఆరు బంగారం, ఆఖరిది వెండి. సన్మానపత్రంలో వెండి ఏం బాగుంటుంది? దాన్నీ బంగారం చేసేశాను. మన సభల్లో ఆమాత్రం పొంగించకపోతే పొగిడినట్టే ఉండదు.

సభలో నేను గొంతు సవరించుకుని చదువుతున్నాను. ఆవిడ పక్కనే కూర్చున్న మేఘన చెవిలో ఇంగ్లీషు చేసి చెబుతోంది. పతకం పతకానికీ ఆవిడ కనుబొమలు పైకి పోతున్నాయి. ఆనందం కాబోలనుకుని నేనింకా గొంతు పెంచాను. మేఘన లేచొచ్చి నా చొక్కా లాగింది.

"డాడ్, స్టాప్."

"ఉండమ్మా, ఇంకొక్క బంగారం ఉంది," అని అదీ చదివేశాను.

"దట్స్ నాట్ హర్. సేమ్ నేమ్, అంతే. ఆ మెడల్స్ అన్నీ సెన్సే రైవల్‌వి."

వచ్చే శనివారమే మేఘనకు బ్లాక్ బెల్ట్ పరీక్ష. అప్పటికే ఆరేళ్ళ కష్టం. పరీక్ష పెట్టేది ఈవిడే. నా నోటి దురదకు పిల్ల బెల్టు పోయిందనుకున్నాను. ఆవిడ ముందుకెళ్ళి చేతులు కట్టుకున్నాను.

"క్షమించండి మేడమ్. తప్పు నాది, పిల్లది కాదు."

ఆవిడ నా చేతిలోని మైకు తీసుకున్నారు.

"మేమిద్దరం పదేళ్ళు తలపడ్డాం. ఈయన చదివిన పతకాల్లో ఆరు, ఆమె నన్ను ఓడించి గెలుచుకున్నవే," అన్నారు ఇంగ్లీషులో.

ప్రసాద్ అంకుల్ కళ్ళు మూసుకున్నారు.

"ఆఖరిది మాత్రం ఆమెకొచ్చింది వెండి. మీరు బంగారం అన్నారెందుకు?"

"మా సభల్లో... కొంచెం పెంచి చెబుతామండీ."

"ఆ బంగారం మా ఇంట్లో ఉంది. మీ ప్రసంగం మొత్తంలో నా గురించి నిజం అదొక్కటే. మీరు అబద్ధమాడిన చోట," అని పకపకా నవ్వేశారు.

హాలంతా నవ్వింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

శనివారం మేఘన బెల్టు తెచ్చుకుంది. ఆ బెల్టు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరికి సన్మానపత్రం రాసినా, మర్యాద పోతే పోనీ, వాళ్ళనే అడిగి రాస్తాను. వెండిని బంగారం చేయడం మాత్రం మానను. ఆ రోజు నన్ను బతికించింది అదే మరి.